అమెరికాలో అద్దె కారు: ఇండియా లైసెన్సుతో కుటుంబాన్ని తీసుకుని తిరగవచ్చా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇది. హైదరాబాదులో పదిహేనేళ్లుగా కారు నడుపుతున్న మీరు, జులైలో భార్య, పదేళ్ల పాప, ఆరేళ్ల బాబు, అరవై ఎనిమిదేళ్ల అమ్మగారితో కలిసి కాలిఫోర్నియా వస్తున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలో దిగగానే కారు అద్దెకు తీసుకుని లాస్ ఏంజెలెస్ వెళ్లి, అక్కడి నుంచి డెత్ వ్యాలీ మీదుగా లాస్ వేగాస్, ఆపైన గ్రాండ్ కాన్యన్ చూడాలనుకుంటున్నారు. ఇండియా లైసెన్సు చెల్లుతుందా, రోడ్డుకు కుడివైపున నడపడం ఎంత ప్రమాదం, ముందుగా ఏమేం చూసుకోవాలి అని అడిగారు.

నడపవచ్చు, లైసెన్సూ చెల్లుతుంది. మీ ప్రణాళికలో మాత్రం మూడు మార్పులు అవసరం. దిగిన రోజున కారు తీసుకోవద్దు. చీకటి పడిన తరువాత ఊళ్ల మధ్య దూరప్రయాణం పెట్టుకోవద్దు. జులైలో డెత్ వ్యాలీని వదిలివేయండి. వీటితోపాటు, కారు అద్దెకిచ్చే కౌంటరు దగ్గర ఎంత ఖర్చనిపించినా అదనపు లయబిలిటీ ఇన్సూరెన్సును, అంటే మీ వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి రక్షణను, వద్దనకండి. కారణాలు కింద వివరంగా రాస్తున్నాను.

నేను శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ప్రాంతమైన బే ఏరియాలో చాలా ఏళ్లుగా ఉంటున్నాను. వేసవిలో ఇండియా నుంచి వచ్చే బంధుమిత్రులు కారు తీసుకుంటే మొదటి రోజు వారి పక్క సీట్లో కూర్చునే పని మా ఇంట్లో నాకే పడుతుంది. అలా కూర్చుని గమనించినదాన్ని బట్టి చెబుతున్నాను: అందరూ భయపడే కుడివైపు డ్రైవింగు మెలకువగా ఉన్న మనిషికి మొదటి గంటలోనే పట్టుబడుతుంది. పొరపాట్లు జరిగేది అలవాటైపోయిందని ధీమా వచ్చిన తరువాత, అలసిపోయి ఉన్నప్పుడు, ఖాళీ రోడ్డు మీద. అందుకే నా సలహాలలో సగం అలసట గురించే ఉంటాయి.

హైదరాబాదు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎలా వచ్చినా మధ్యలో విమానం మారక తప్పదు కాబట్టి, ఇంటి గడప దాటిన తరువాత ఇరవై గంటలకు పైగానే ప్రయాణం అవుతుంది. వేసవిలో కాలిఫోర్నియా మనకంటే పన్నెండున్నర గంటలు వెనుక ఉంటుంది. మీరు మధ్యాహ్నం మూడు గంటలకు కౌంటరు దగ్గర తాళాలు అందుకుంటే, మీ శరీరానికి అప్పుడు తెల్లవారుజామున మూడున్నర. మన ఊళ్లో ఆ వేళ ఎవరైనా స్టీరింగు పట్టుకుంటామంటే మనమే వద్దంటాం. అటువంటిది ఆ సమయంలో, తెలియని బండిలో, రోడ్డుకు అలవాటులేని వైపున, ఐదారు లేన్ల ఫ్రీవే మీదకు కుటుంబమంతటినీ ఎక్కించుకుని వెళ్లడం సరికాదు. ఎండ కనిపిస్తూ ఉంటుంది కాబట్టి నిద్ర రావడం లేదనే అనిపిస్తుంది. ఆ నిద్ర ఒక్కసారిగా కమ్ముతుంది, కాఫీకి ఆగదు.

కాబట్టి విమానాశ్రయం నుంచి బార్ట్ రైలులోనో టాక్సీలోనో ఊళ్లోకి వెళ్లి రెండు రాత్రులు పడుకోండి. శాన్‌ఫ్రాన్సిస్కో చూడడానికి కారు అవసరమే లేదు, పైగా అది భారం. నిలిపి ఉంచిన కార్ల అద్దాలు పగలగొట్టి సంచులు ఎత్తుకుపోవడం ఆ నగరంలో బాగా పేరుపడ్డ బెడద. దొంగల కళ్లు సామానుతో తిరిగే పర్యాటకుల కార్ల మీదే ఎక్కువగా ఉంటాయి. మా పెద్దమ్మగారి అబ్బాయి సముద్రం ఒడ్డున ఫొటోలు తీసుకుని వచ్చేసరికి వెనుక అద్దం లేదు, పాస్‌పోర్టులున్న సంచీ లేదు. ఆ తరువాత ఆయన యాత్ర భారత కాన్సులేటు చుట్టూ తిరగడంతోనే సరిపోయింది. మూడో రోజు ఉదయం, తెల్లవారి ట్రాఫిక్కు తగ్గాక, తొమ్మిదిన్నర పది గంటల మధ్య కారు తీసుకోండి. ఆ తరువాత కూడా పాస్‌పోర్టులు కారులో వదలకండి. కనిపించేలా ఒక ఛార్జరు వైరు కూడా సీటు మీద ఉంచకండి.

ఇక కుడివైపు సంగతి. దీనికి నేను అందరికీ చెప్పే సూత్రం ఒక్కటే: పసుపు గీత ఎప్పుడూ మీ ఎడమచేతి వైపే ఉండాలి. ఇక్కడ ఎదురెదురుగా వచ్చే వాహనాలను వేరుచేసేది పసుపు గీత. ఒకే దిశలో వెళ్లే లేన్ల మధ్య తెల్ల గీత ఉంటుంది. మధ్యలో డివైడరు ఉన్న ఫ్రీవే మీద కూడా ఎడమ అంచున పసుపు గీతే వేస్తారు. పసుపు గీత మీ కుడివైపున కనిపించిందంటే మీరు ఎదురుదారిలో ఉన్నట్టే. రాత్రివేళ రోడ్డులో అమర్చిన రిఫ్లెక్టర్లు మీకు ఎర్రగా మెరిస్తే దానికి కూడా అదే అర్థం. ఈ గుర్తు పెట్టుకుంటే "కుడి, కుడి" అని జపం చేసుకోవలసిన పని ఉండదు.

సిగ్నళ్ల దగ్గర ముందున్న కారును చూసి వెళతారు కాబట్టి తప్పు జరగదు. పెట్రోలు బంకులోంచో హోటలు పార్కింగులోంచో ఖాళీ రోడ్డు మీదకు తిరిగేటప్పుడే పాత అలవాటు చేతుల్లోకి వచ్చేస్తుంది. ముఖ్యంగా ఉదయం మొదటిసారి బండి తీసేటప్పుడు ఎడమకు తిరగవలసివస్తే జాగ్రత్త. మన దగ్గర ఎడమ మలుపు సులభమైనది, కుడి మలుపు ఎదురు ట్రాఫిక్కును కోసుకుంటూ వెళ్లేది. ఇక్కడ పూర్తిగా తారుమారు. ఎడమకు తిరిగేటప్పుడు ఎదురుగా వచ్చేవారందరికీ దారి ఇచ్చి, కూడలి మధ్యదాకా వెళ్లి, విశాలంగా తిరిగి అవతలి రోడ్డులో కుడిసగంలోకి చేరాలి. పచ్చ బాణం ఉంటే మీ వంతు. కేవలం పచ్చ దీపం ఉంటే ఎదురువారి వంతు అయ్యాకే మీది. మొదటి రెండు రోజులూ బాణం లేని చోట ఎడమ మలుపుకు ధైర్యం చాలకపోతే, నేరుగా ముందుకు వెళ్లి మూడుసార్లు కుడికి తిరిగి రండి, ఎవరూ నవ్వరు.

రోడ్డు మీదకు వచ్చేటప్పుడు మీకు దగ్గరగా వచ్చే వాహనాలు ఎడమ నుంచి వస్తాయి. మన మెడ మాత్రం ముందు కుడికి తిరుగుతుంది. అందుకే పక్కన కూర్చున్నవారికి ఒక పని అప్పగించండి: ప్రతి మలుపు దగ్గరా "ఎడమ చూశారా" అని అడగడం. ఇదే జాగ్రత్త నడిచి రోడ్డు దాటేటప్పుడు అమ్మగారికి, పిల్లలకు మరీ ముఖ్యం.

బండిలో కూర్చున్నాక రెండు విషయాలు ఇబ్బంది పెడతాయి. ఇండికేటరు స్టీరింగుకు ఎడమవైపున ఉంటుంది కాబట్టి మొదటి రోజంతా మీరు మలుపు దగ్గర వైపర్లు తిప్పుతారు. దాని వల్ల నష్టం లేదు. రెండోది అంత తేలిక కాదు. మనం కుడి సీట్లో కూర్చోవడానికి అలవాటుపడ్డాం కాబట్టి, ఎడమ సీట్లో కూర్చున్నప్పుడు తెలియకుండానే బండిని లేనులో కుడి అంచుకు జరుపుతాం. నా పక్కన నడిపినవారిలో ఈ జరుగుడు లేనివారు అరుదు. ఆగి ఉన్న కార్ల అద్దాలకు, ఫుట్‌పాత్ అంచులకు తగిలేది ఇందువల్లే. దగ్గరకు చూస్తే కుడికి జరుగుతారు. దూరంగా, లేను మధ్యకు చూస్తూ నడిపితే బండి తనంతట తాను సర్దుకుంటుంది. కార్లన్నీ దాదాపు ఆటోమేటిక్‌లే కాబట్టి ఎడమకాలికి పని లేదు. దాన్ని వెనక్కి పెట్టుకోండి. క్లచ్ అనుకుని బ్రేకు తొక్కితే వెనుకవాడు వచ్చి గుద్దుతాడు.

హైదరాబాదు డ్రైవరుకు కష్టమనిపించేది నిజానికి ఈ వైపు మార్పు కాదు, ఆగడం. స్టాప్ బోర్డు ఉన్నచోట కనుచూపుమేరలో ఎవరూ లేకపోయినా చక్రాలు పూర్తిగా ఆగాలి. నాలుగువైపులా స్టాప్ బోర్డులుంటే ముందు వచ్చి ఆగినవారు ముందు వెళతారు. ఇద్దరూ ఒకేసారి వస్తే కుడివైపున ఉన్నవారిది వంతు. ఎర్ర దీపం ఉన్నా పూర్తిగా ఆగి, చూసుకుని కుడికి తిరగవచ్చు, వద్దని బోర్డు ఉంటే తప్ప. తెల్ల చారల దగ్గర మనిషి కాలు కిందపెట్టాడంటే మీరు ఆగవలసిందే. పసుపుపచ్చ స్కూలు బస్సు ఎర్ర దీపాలు మినుకుతూ ఆగితే దాని వెనుక మీరూ ఆగాలి, ఎదురుగా వస్తున్నా ఆగాలి. మధ్యలో డివైడరు ఉన్నచోట ఎదురువారికి మినహాయింపు ఉన్నా ఆ లెక్కలు మీరు వేయవద్దు. ఎదుటివాడు లైట్లు మినికించాడంటే మన దగ్గర "నేను వస్తున్నాను, తప్పుకో" అని. ఇక్కడ చాలాసార్లు "మీరు వెళ్లండి" అని. అయినా లైట్లను నమ్మి ముందుకు దూకకండి, బండి నిజంగా ఆగిందో లేదో చూడండి.

వేగం బోర్డులన్నీ మైళ్లలో ఉంటాయి. కాలిఫోర్నియా ఫ్రీవేల మీద ఎక్కువగా 65 లేదా 70, అంటే గంటకు 105, 113 కిలోమీటర్లు. నెవాడా, ఆరిజోనాలలోని విశాలమైన రహదారుల మీద 75 కూడా ఉంటుంది. అంత వేగం మీకు ఔటర్ రింగు రోడ్డు మీద అలవాటే కావచ్చు, కానీ ఇక్కడ అదే వేగంతో ముందూ వెనుకా పక్కలా అందరూ వెళుతూ ఉంటారు, కాబట్టి ముందు బండికి మీకు మధ్య కనీసం మూడు సెకన్ల దూరం ఉంచండి. ఆ ఖాళీలోకి మరొకరు దూరితే ఇంకాస్త వెనక్కి తగ్గండి. దిగవలసిన ఎగ్జిట్ దాటిపోతే పోనివ్వండి, తరువాతి ఎగ్జిట్‌లో దిగి తిరిగి రావచ్చు. ఫ్రీవే మీద చివరి క్షణంలో లేన్లు కోయడం, వెనక్కి రావడం ప్రాణాల మీదకు తెస్తాయి. ఫోను చేతిలో పట్టుకుని నడపడం మీరు వెళ్లే మూడు రాష్ట్రాలలోనూ నేరం, కాబట్టి ఇండియా నుంచే ఒక ఫోను స్టాండు తెచ్చుకోండి.

కాగితాల విషయానికి వస్తే, కాలిఫోర్నియాలో పర్యాటకులు తమ దేశపు చెల్లుబాటయ్యే లైసెన్సుతో నడపవచ్చు. అయినా మీ ఆర్టీఏ కార్యాలయం నుంచి ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకునే రండి. 1949 నాటి జెనీవా ఒప్పందం కింద ఇచ్చే ఈ పుస్తకం ఏడాదిపాటు చెల్లుతుంది; ఫారం 4ఏతో పాటు పాస్‌పోర్టు, వీసా ప్రతులు జతచేయాలి. ఇది మీ లైసెన్సుకు అనువాదం లాంటిది మాత్రమే కనుక అసలు కార్డు పక్కన లేకపోతే దీనికి విలువ లేదు. డిజిలాకర్‌లోని లైసెన్సును ఇక్కడి కౌంటర్లో నమ్ముకోకండి, చేతిలో కార్డు ఉండాలి. డిపాజిట్ కోసం నడిపేవారి పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలి, దానికి విదేశీ లావాదేవీలు ముందే తెరిపించుకోవాలి. మీ భార్య కూడా నడిపేటట్టయితే ఆమె పేరు ఒప్పందంలో రాయించండి. పేరు లేనివారు నడిపినప్పుడు ఏదైనా జరిగితే మీరు కొన్న రక్షణ రద్దు కావచ్చు.

ఇన్సూరెన్సు దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే చాలామంది తప్పుగా అర్థం చేసుకునేది ఇక్కడే. కౌంటరు దగ్గర మీకు రెండు వేర్వేరు రక్షణలు చూపిస్తారు. లాస్ డ్యామేజ్ వేవర్ అనేది మీరు అద్దెకు తీసుకున్న కారుకు జరిగే నష్టానికి. సప్లిమెంటల్ లయబిలిటీ అనేది మీ వల్ల ఎదుటివారికి, వారి బండికి జరిగే నష్టానికి. కారుకు గీత పడుతుందేమోనన్న భయంతో మనవాళ్లు మొదటిది తీసుకుని, రెండోదాన్ని అనవసరపు ఖర్చని వదిలేస్తారు. నిజానికి మనిషిని ఆర్థికంగా ముంచేది రెండోదే. కాలిఫోర్నియాలో చట్టం కోరే కనీస లయబిలిటీ 2025 జనవరి నుంచి పెరిగింది; పెరిగిన తరువాత కూడా అది గాయపడిన ఒక మనిషికి 30,000 డాలర్లు, ఒక ప్రమాదానికి మొత్తం 60,000, ఆస్తినష్టానికి 15,000 మాత్రమే. ఇక్కడి ఆస్పత్రులలో ఒక శస్త్రచికిత్స, నాలుగు రోజుల పడక ఆ మొత్తాన్ని మింగేయగలవు. మాకు తెలిసిన ఒకాయన సిగ్నలు దగ్గర ముందు కారును మెల్లగా తాకించారు. అద్దె కారుకు వేవర్ ఉంది కాబట్టి ఏ దిగులూ లేదనుకుని ఇండియా వెళ్లిపోయారు. కొన్ని నెలల తరువాత ఎదుటి డ్రైవరు మెడనొప్పి వైద్యం ఖర్చులంటూ లాయరు నోటీసు వచ్చింది.

ఈ రెండూ కలిపి తక్కువలో దొరికే మార్గం ఒకటుంది. పెద్ద సంస్థల వెబ్‌సైట్లలో మీరు నివసించే దేశం ఇండియా అని ఎంచుకుని ముందుగా బుక్ చేస్తే, కొన్ని సంస్థలు వేవర్‌నూ లయబిలిటీనీ కలిపిన ధర చూపిస్తాయి. అమెరికాలో ఉన్న బంధువు తన ఖాతాలోంచి బుక్ చేస్తే ఆ ధర రాదు. మీరు తీసుకున్న ట్రావెల్ ఇన్సూరెన్సు మీ వైద్యానికి, అది కూడా పాలసీలో రాసినంత వరకే. ఎదుటివారి నష్టాన్ని అది భరిస్తుందని అనుకోకండి. తాళాలు తీసుకున్నాక కారు చుట్టూ, టైర్లతో సహా, ఫోనులో వీడియో తీసి ఉంచండి. స్పేరు టైరు ఉందో లేదో అడగండి, చాలా కొత్త కార్లలో ఉండటం లేదు.

ఐదుగురికి, నాలుగు పెద్ద సూట్‌కేసులకు చిన్న సెడాన్ సరిపోదు. వెనుక అద్దం మూసుకుపోయేలా సామాను పేర్చి నడపవలసివస్తుంది, దొంగలకూ అది కనిపిస్తుంది. మధ్యస్థాయి ఎస్‌యూవీ తీసుకోండి. ఆరేళ్ల బాబుకు బూస్టరు సీటు తప్పనిసరి: కాలిఫోర్నియాలోనూ ఆరిజోనాలోనూ ఎనిమిదేళ్లలోపు పిల్లలు, నాలుగు అడుగుల తొమ్మిది అంగుళాల ఎత్తు లేకపోతే, దానిలోనే కూర్చోవాలి. ఒళ్లో కూర్చోబెట్టుకోవడం అనే మాటే లేదు. అద్దెకు తీసుకోవడం కంటే ఇక్కడ దుకాణంలో కొనడం చాలాసార్లు చవక. అమ్మగారు వెనుక సీట్లో ఉన్నా బెల్టు పెట్టుకోవాలి.

ఇప్పుడు దారి. లాస్ ఏంజెలెస్‌కు ఒకటో నంబరు సముద్రతీరపు రోడ్డు మీద వెళ్లాలనుకుంటే కొండచరియలు పడి అది మూతపడలేదని కాలిఫోర్నియా రోడ్ల శాఖ కాల్‌ట్రాన్స్ సమాచారంలో ముందు చూసుకోండి. ఉత్తరం నుంచి దక్షిణానికి వెళ్లేటప్పుడు మీరు సముద్రం వైపు లేనులోనే ఉంటారు కాబట్టి, ఆగి చూడడానికి రోడ్డు దాటవలసిన పని ఉండదు. తిరుమల ఘాట్‌లో ఎక్కడానికీ దిగడానికీ వేర్వేరు రోడ్లున్నట్టు ఇక్కడ ఉండదు. ఎదురు బండ్లు పక్కనుంచే వెళతాయి. మీ వెనుక ఐదు అంతకంటే ఎక్కువ వాహనాలు చేరితే, పక్కన ఖాళీ కనిపించగానే తప్పుకుని వాటిని పోనివ్వాలని కాలిఫోర్నియా చట్టం. దిగుడులో బ్రేకు మీదే కాలు ఉంచకుండా గేరును ఎల్ లేదా ఎస్ అని గుర్తున్న తక్కువ గేరులోకి మార్చండి.

డెత్ వ్యాలీ ఎందుకు వద్దన్నానంటే, 1913 జులై 10న ఫర్నేస్ క్రీక్‌లో నమోదైన 134 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 56.7 సెల్సియస్, ప్రపంచ రికార్డుగా ఉన్న చోటు అది. రామగుండం ఎండ చూసినవాళ్లమే అనుకోకండి. అక్కడ బండి ఆగిపోతే నీడ ఉండదు, చాలా చోట్ల ఫోను సిగ్నలు ఉండదు, మరీ వేడిగా ఉన్నప్పుడు రక్షించే హెలికాప్టర్లు కూడా ఎగరలేవు. 1996 జులైలో జర్మనీ నుంచి వచ్చిన ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు అద్దె మినీవ్యానులో అక్కడి మట్టిరోడ్లలోకి వెళ్లారు. అక్టోబరులో టైర్లు పోయిన వ్యాను దొరికింది. అవశేషాలు 2009లో గాని బయటపడలేదు. ఎక్కడైనా సరే, బండి చెడితే బండిని విడిచి నడవకూడదు, మ్యాపు చూపించిందని మట్టిరోడ్డు ఎక్కకూడదు. అద్దె ఒప్పందాలు సాధారణంగా మట్టిరోడ్లను నిషేధిస్తాయి కూడా. వేగాస్‌కు బార్‌స్టో, బేకర్ మీదుగా పదిహేనో నంబరు ఇంటర్‌స్టేట్ మీద వెళ్లండి. అది కూడా ఎడారే, కాబట్టి ట్యాంకు సగానికి తగ్గకుండా, మనిషికి నాలుగు లీటర్ల నీళ్లతో వెళ్లండి. బంకులో యంత్రం ఇక్కడి పిన్‌కోడు అడిగి మీ కార్డును తిప్పికొడితే లోపలికి వెళ్లి ముందుగా డబ్బు కట్టండి. 87 అని ఉన్న రెగ్యులర్ పెట్రోలు చాలు.

వేగాస్ నుంచి గ్రాండ్ కాన్యన్ దక్షిణ అంచుకు సుమారు 280 మైళ్లు, నాలుగున్నర గంటలు. పొద్దున వెళ్లి సూర్యాస్తమయం చూసి అదే రాత్రి వేగాస్‌కు వచ్చేయాలని చాలామంది అనుకుంటారు. ఈ యాత్ర మొత్తంలో నాకు అన్నింటికంటే భయం కలిగించేది ఆ తిరుగు ప్రయాణమే: దీపాలు లేని రెండు లేన్ల రోడ్డు, సంధ్యవేళ రోడ్డెక్కే ఎల్క్ జింకలు, రోజంతా ఏడు వేల అడుగుల ఎత్తున ఎండలో నడిచి అలసిన డ్రైవరు. టుసయాన్‌లోనో విలియమ్స్‌లోనో రాత్రి బస చేయండి, గది ఖరీదైనా సరే.

జులై ఆరిజోనాకు వానాకాలం. ఎక్కడో కొండల్లో పడిన వాన ఎండిన వాగులోంచి నిమిషాల్లో రోడ్డు మీదకు వస్తుంది. మన దగ్గర ఏటా వాగులు దాటబోయి కార్లు కొట్టుకుపోవడం చూస్తూనే ఉన్నాం. పారే నీరు అడుగు లోతు ఉంటే చిన్న కారు తేలిపోవడానికి చాలు. ఆరిజోనాలో బారికేడు దాటి నీళ్లలోకి వెళ్లి ఇరుక్కున్నవారి నుంచి రక్షణ ఖర్చు వసూలు చేసే చట్టం కూడా ఉంది. దుమ్ము తుఫాను కమ్ముకుంటే రోడ్డు నుంచి వీలైనంత పక్కకు తీసి ఆపి, అన్ని లైట్లూ ఆర్పి, పార్కింగు బ్రేకు వేసి, బ్రేకు పెడలు మీద నుంచి కాలు తీయాలి. వెనుకవారు మీ ఎర్ర దీపాలను చూసి రోడ్డు అటే ఉందనుకుని నేరుగా వచ్చి గుద్దకుండా ఉండటానికి ఈ జాగ్రత్త.

పోలీసు వెనుక దీపాలు వెలిగిస్తే ఇండికేటరు వేసి కుడిపక్కకు ఆపండి. కారు దిగకండి, మన దగ్గర దిగి దగ్గరకు వెళ్లడం మర్యాద, ఇక్కడ అది అనుమానం కలిగిస్తుంది. అద్దం దించి, చేతులు స్టీరింగు మీద ఉంచి, అడిగాకే కాగితాల కోసం చేయి కదపండి. డబ్బు ప్రసక్తి తేవద్దు. ప్రమాదమైతే అత్యవసర నంబరు 911కు ఫోను చేయండి, మైలు రాయి నంబరు చెబితే త్వరగా వస్తారు.

చివరగా మీ పది రోజులను నేనైతే ఇలా సర్దుతాను: రెండు రాత్రులు శాన్‌ఫ్రాన్సిస్కో, కారు లేకుండా, మూడో రోజు మాంటెరే దాకా మాత్రమే, చేయి కుదరడానికి, నాలుగో రోజు లాస్ ఏంజెలెస్, అక్కడ రెండు రాత్రులు, ఆరో రోజు వేగాస్, ఎనిమిదో రోజు గ్రాండ్ కాన్యన్, రాత్రి అక్కడే, తొమ్మిదో రోజు వేగాస్ తిరిగి వచ్చి కారు అక్కడే అప్పగించి, పదో రోజు విమానంలో శాన్‌ఫ్రాన్సిస్కో. వేరే ఊళ్లో అప్పగిస్తే అదనంగా కొంత తీసుకుంటారు, బుక్ చేసేటప్పుడే ఆ మొత్తం చూసుకోండి. మీ తిరుగు విమానం తేదీ, సమయం రాస్తే ఆఖరి రెండు రోజులు మార్చవలసి ఉంటుందేమో చూసి చెబుతాను.